గడ్డం కింద వేలు

ఎబ్బె ఈపాటికి మూడో కప్పు కాఫీ పోసుకుంటూ ఉంటాడు. ఊరి సత్రంలో కిటికీ పక్క కుర్చీ, వెచ్చటి గొట్టాలున్న గోడవైపుది, ఎవరికన్నా ముందు వెళ్లి వాడు పట్టేసే కుర్చీ. చిన్నప్పుడు బండిలో ముందు సీటు, నాన్న పోయాక నాన్న పడవ, ఆ తర్వాత చేపల చెరువుల మీద పెత్తనం, ఆ తర్వాత మనుషులు. చెయ్యి కూడా చాపకుండా, కూర్చున్న చోటినుంచి లేవకుండా, ఒక్కొక్కటే తనవైపు ఒరిగేలా చేసుకున్నాడు తమ్ముడు. మూడు కొట్టేసరికి మెట్ట పొలం కూడా ఒరుగుతుంది. అన్న ఎక్కడని ఎవరైనా అడిగితే భుజాలెగరేస్తాడు, దాల్చినచెక్క రొట్టె ఇంకొకటి తీసుకుంటాడు. ఆ అన్న ఇక్కడ, పెద్దాసుపత్రి మూడో అంతస్తులో, చొక్కా గుండీలన్నీ విప్పుకొని, వాలు కుర్చీలో వెల్లకిలా పడి ఉన్నాడు. రొమ్ము మీద తొమ్మిది వందల అరవై గ్రాముల మనవరాలు. టోర్కిల్‌కి యాభై రెండేళ్లు. ఏడో తరగతితో బడి మానేసి చెరువుల్లో దిగినవాడు, ఇన్నేళ్లలో పట్టపగలు ఇంతసేపు వెల్లకిలా పడుకున్నది లేదు. గోడ గడియారం ఒకటిన్నర దాటింది. అది ఎవరి కోసం ఆగుతుంది.

పాప పుట్టి మూడు రోజులు. ఇరవై ఏడు వారాలకే, ఎవరో తలుపు తోసినట్టు, వచ్చేసింది. తలకి ఊలు టోపీ, టోపీకి తాళ్లు, తాళ్లకి ముక్కు దగ్గర రెండు పొట్టి గొట్టాలు, బియ్యపు గింజంత మందాన, రెండు ముక్కుపుటాల్లో. వాటిలోంచి వెచ్చటి గాలి లోపలికి పోతుంది. ఇంకో గొట్టం బయటికి వచ్చి పక్కనున్న నీళ్ల సీసాలో మునుగుతుంది. ఎంత లోతున ముంచితే అంత ఒత్తిడి, ఆరు సెంటీమీటర్లు ముంచామని నర్సు సోల్వై చెప్పింది. సీపాప్ అంటారట. పేరు ఎందుకు గానీ సంగతి టోర్కిల్‌కి వెంటనే అర్థమైంది. తడిసిన దాణా సంచీ లోపలి పొరలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి, మళ్లీ విప్పాలంటే గోళ్లు విరుగుతాయి. నెలలు నిండని ఊపిరితిత్తులు కూడా అంతే, ప్రతి శ్వాస చివరా అతుక్కుపోతాయి, ప్రతిసారీ మొదట్నుంచి విప్పుకోవాలి. పూర్తిగా మూసుకోకుండా ఆ గాలి కాస్త ఎడం ఉంచుతుంది. ఊపిరి మాత్రం పాపే తీసుకోవాలి. ఎవరూ తీసిపెట్టరు. సీసాలో బుడగలు వస్తున్నంతసేపూ ఒత్తిడి నిలిచి ఉన్నట్టు. పాప నోరు తెరుచుకుందా, గాలి అటునుంచి జారిపోతుంది, బుడగలు ఆగిపోతాయి. అందుకే టోర్కిల్ కుడిచేతి చూపుడువేలు పాప గడ్డం కింద. చన్నీళ్లలో పగిలి పగిలి బెరడు కట్టిన వేలు, పాప ముఖమంతా కలిపితే దానికన్నా కొంచెం పెద్దది. పన్నెండింటి నుంచీ అక్కడే ఉంది. తిమ్మిరెక్కి, సూదులు గుచ్చి, ఇప్పుడు అసలు తనది కానట్టు ఉంది.

పొద్దున డాక్టరమ్మ కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని చెప్పిన మాట సూటిగానే చెప్పింది. గాలిలో కలిపే ఆక్సిజన్ ఇప్పుడు నూటికి నలభై రెండు పాళ్లు. యాభై దాటితే, లేదా మూడింటికి మడమ నుంచి తీసే రక్తం బాగా లేకపోతే, గొంతులోకి గొట్టం వేసి యంత్రం చేత ఊపిరి తీయించాలి. వేయడం ఎంతసేపు, తీయడమే ఎన్నాళ్లు పడుతుందో తెలియదు, అంత చిన్న ఊపిరితిత్తులకి యంత్రం దెబ్బ తగలకుండానూ ఉండదు. మనిషి ఒంటి మీద పడుకుంటే కొంతమంది పిల్లలు కుదుటపడతారు, చూద్దాం, అంది. అమ్మ ఒళ్లు లేదు. పాప తల్లి, టోర్కిల్ కూతురు మైకెన్, కింది అంతస్తులో కోత కోసిన పొట్టతో, దిగని జ్వరంతో, చీకటి చేసిన గదిలో ఉంది, పైకి రానివ్వరు. పాప తండ్రి ఐస్‌లాండ్ దగ్గర ఎక్కడో చేపల ఓడ మీద, గాలి తగ్గితే గానీ ఒడ్డుకి రాడు. రెండేళ్లుగా మాటల్లేని కూతురు పొద్దున తొమ్మిదిన్నరకి ఫోన్ చేసింది. హలో లేదు. "నాన్నా, ఒక ఛాతీ కావాలి. వస్తావా?" అంతే. టోర్కిల్ అప్పటికి సత్రానికి వెళ్లే బట్టల్లో ఉన్నాడు, పొలం గురించి రాసిన అభ్యంతరం కాగితం జేబులో పెట్టుకుని, గడ్డం గీసుకుని. ఇక్కడికి వచ్చాక మూడుసార్లు రుద్ది రుద్ది కడుక్కున్నాడు, చెరువు వాసన పోలేదు. సోల్వై ముక్కు ఎగబీల్చి నవ్వింది. "ఫర్లేదు తాతగారూ. పాపకి ముక్కులో గొట్టాలున్నాయిగా, ఇబ్బంది నాకే." పాపని ఎక్కించేముందు అడిగింది కూడా: "ఒకసారి పడుకోబెట్టాక మూడు గంటలు దించం. ఎత్తి దించితే దాని ఒంట్లో ఉన్న కాస్త ఓపికా అయిపోతుంది. మీకు ఇవాళ వేరే పనేమీ లేదుగా?" టోర్కిల్ "లేదు" అన్నాడు. పడమటి తీరం వాళ్ల పుట్టుజబ్బు ఇది. కాఫీ కావాలా అంటే వద్దనడం, నొప్పిగా ఉందా అంటే ఏం లేదనడం, పనుందా అంటే లేదనడం. అవతలివాడు మూడుసార్లు అడిగితే అప్పుడు నిజం చెప్పాలి. సోల్వై రాజధాని వైపు మనిషి, ఒక్కసారే అడిగింది.

బుడ బుడ బుడ. చిన్న సీసా, పెద్ద చప్పుడు. కళ్లు మూస్తే చెరువుగట్టు మీద ఉన్నట్టే ఉంది. పదకొండు చెరువులు, వాగులోంచి మళ్లించిన నీళ్లు, అడుగున ట్రౌట్ చేపలు ఎదురీదుతూ నిలబడి, ఏరేటర్ నీళ్లని చిలికి తెల్లగా ఎగజిమ్ముతూ. ఆ మోతలోనే పెళ్లి చేసుకున్నాడు, ఆ మోతలోనే మైకెన్‌కి నడక నేర్పాడు, ఇంట్లో అందరూ ఆ మోత మీదుగా అరుచుకుంటూ మాట్లాడుకునేవాళ్లు, బయటి ఊళ్లో ఎవరింటికైనా వెళ్తే వీళ్లకేమైనా చెవుడా అనుకునేవారు. ఆక్సిజన్ సంగతి ఎవరూ టోర్కిల్‌కి చెప్పక్కర్లేదు. తక్కువైతే చేప పైకొచ్చి నోరు తెరుస్తుంది. ఎక్కువైనా చేటే, గాలి పట్టిన నీళ్లలో చేప కళ్లు ఉబ్బి గుడ్లు బయటికొస్తాయి. ఆ మాట అంటే సోల్వై మీటలు చూస్తున్నదల్లా తిరిగింది. "అందుకే మేమూ ఎక్కువ ఇవ్వం. ఎక్కువైతే వీళ్ల కళ్లు పాడవుతాయి. ఇది మీకు బళ్లో చెప్పారా?" "బడా? బళ్లో నాకు చెప్పింది ఒకటే, బయట నిలబడమని." సోల్వై నవ్వితే టోర్కిల్‌కి కాస్త బాగుంది. వెంటనే బాగుండటం మీద కోపం వచ్చింది. ఇంట్లో ఇలా ఎవరైనా నవ్వి ఎన్నేళ్లయిందో లెక్క చూసుకోవాల్సిన అవసరం ఏముంది ఇప్పుడు. పొయ్యి మీద ఒకే గిన్నె, బంగాళాదుంపలు మూడు, ఒకటి ఎప్పుడూ మిగులుతుంది.

నాలుగేళ్ల నుంచీ నడుస్తోంది ఈ భూముల మార్పిడి. వాగుని దాని దారిన వదలాలట, చెరువులు పూడ్చాలట, వాగుగట్టున నేల పోయినవాళ్లకి పైన మెట్టన నేల ఇస్తారట. ఊరంతా సత్రంలో కూర్చుని పటం పరుచుకుని నీది నాకు నాది నీకు అని తేల్చుకుంటారు, కాఫీ, రొట్టెలు, వాతావరణం గురించి గంట కబుర్లు, చివరికి అధికారి పైకి చదువుతాడు. అభ్యంతరం ఉన్నవాడు లేచి నిలబడి నోటితో చెప్పాలి. రానివాడు ఒప్పుకున్నట్టు. ఇవాళ ఆఖరిసారి కూర్చోవడం. పటంలో మెట్ట పొలం ఎబ్బె పేర ఉంది, టోర్కిల్‌కి ఇల్లూ, ఇంటి వెనక తడినేలా. టోర్కిల్ అభ్యంతరం ఒకటే: చెరువులు నాశనం కావడానికి ఎబ్బె కారణం, వాడి వంతు రోజున వాడు ఏరేటర్ కట్టేసి పోయాడు, ఏడు టన్నుల చేప చచ్చింది, కాబట్టి మెట్ట నాకు రావాలి. దీన్ని రాయడానికి నెల పట్టింది, అక్షరాలు వంకర, తప్పులు. సాక్షి సంతకం కోసం మైకెన్ ముందు పెట్టాడు. అది చదివింది. మళ్లీ చదివింది. కలం తీసి, మూత పెట్టి, మేజా మీద సర్ది, లోపలికి వెళ్లి సంచీ సర్దుకుంది. బాబాయి ఇంటికి పోయి ఆయన ఆవుల కొట్టంలో పాలు పితికే పనికి చేరింది. చూశారా, మనుషుల్ని కూడా లాగేసుకున్నాడని ఎవరికి చెప్పాలి. ఎవరూ రావడం లేదు చెప్పడానికి. పోస్టు మనిషి కూడా బండి దిగడు.

ఏదో తేడా వచ్చింది. ఏమిటో వెంటనే తెలియలేదు. ఆ తర్వాత తెలిసింది, చప్పుడు లేదు. సీసాలో నీళ్లు అద్దంలా ఉన్నాయి. వేలు ఎప్పుడు జారిందో, పాప నోరు చిన్న సున్నాలా తెరుచుకుని ఉంది, పక్కటెముకలు లోపలికి లాక్కుపోతున్నాయి, ప్రతి శ్వాసకీ మూలుగు, పిల్లి గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు. తెరమీద పాప రక్తంలో ఆక్సిజన్ అంకెలు దిగుతున్నాయి, ఎనభై నాలుగు, డెబ్బై తొమ్మిది, గంట మోగడం మొదలైంది. నీళ్ల పైకొచ్చి నోరు తెరిచిన చేప. టోర్కిల్‌కి తెలిసిన విద్య ఒక్కటే. "గాలి పెంచండి! ఆక్సిజన్ పెంచండి, చస్తోంది!" అని అరిచాడు, ఎడమచెయ్యి మీటవైపు చాపాడు కూడా, పాప ఒంటి మీద నుంచి దుప్పటి జారింది. సోల్వై వచ్చి ముందు అతని మణికట్టు పట్టుకుంది. "చెయ్యి తీయండి. ఇది చేప కాదు. ఎక్కువ గాలి అక్కర్లేదు దానికి. ఉన్నది జారిపోకుండా చూడండి చాలు. గడ్డం ఎత్తండి. ఊఁ. మెల్లగా. ఇంకొంచెం." వేలు మళ్లీ గడ్డం కిందికి వెళ్లింది. పెదాలు రెండూ కలుసుకున్నాయి. ఒకటి, రెండు, మూడు, ఎవరూ ఊపిరి పీల్చలేదు. బుడ. మళ్లీ బుడ. బుడ బుడ బుడ. సోల్వై పాప పాదం రుద్దుతూ అంకెలు చూస్తూ నిలబడింది. ఎనభై. ఎనభై ఎనిమిది. తొంభై ఒకటి. గాలిలో కలిపే ఆక్సిజన్ మాత్రం నలభై ఏడుకి పెంచాల్సి వచ్చింది. యాభైకి మూడు తక్కువ. "అందరికీ జారుతుంది," అంది, వెళ్తూ. అతనికి మాత్రం జారకూడదు.

ఆ నిశ్శబ్దం ఎక్కడిదో అతనికి తెలుసు. అంత నిశ్శబ్దం బతుకులో ఇంకొక్కసారే విన్నాడు. ఆగస్టు, ఆదివారం, ఉక్క, ఆకు కదలడం లేదు. భార్య ఇంగెలిసె కారులో సామాను ఎక్కించింది, తన బట్టలు, తన తల్లి ఇచ్చిన గడియారం, కుట్టు మిషను. పదహారేళ్ల మైకెన్ మెట్ల మీద మోకాళ్లు పట్టుకుని కూర్చుని ఉంది, వెళ్లనని చెప్పేసింది. ఇంగెలిసె కారు అద్దం దించి అతనివైపు చూసి ఏదో అంది. పెదాలు కదిలాయి. ఏరేటర్ మోతలో ఒక్క ముక్క వినబడలేదు. పద్దెనిమిదేళ్లు ఆ మోత మీదుగా అరిచిన మనిషి ఆ ఒక్కసారి అరవలేదు. టోర్కిల్ ఆగమని చెయ్యి ఊపి, గట్టు మీదికి పరిగెత్తి, స్విచ్ కట్టేశాడు. మొత్తం లోకం ఆగిపోయినట్టు అయింది. పిచ్చుకలు వినిపించాయి. కారు గులకరాళ్ల మీద తిరిగి రోడ్డెక్కడం వినిపించింది. ఇంగెలిసె ఏమన్నదో మాత్రం వినబడలేదు, చెప్పేసింది అప్పటికే. ఒక్క మాటయి ఉండొచ్చు, అంత పొడుగ్గా కదల్లేదు పెదాలు. అతను చాలాసేపు అక్కడే నిలబడ్డాడు, తర్వాత లోపలికి వెళ్లి మంచం మీద బూట్లతో పడుకున్నాడు. లేచేసరికి సాయంత్రం, పదకొండు చెరువులూ తెల్లగా ఉన్నాయి, పొట్టలు పైకి.

ఏరేటర్ కట్టేసింది తను. ఎబ్బె వంతు అనే మాట నిజమే, ఎబ్బె మధ్యాహ్నం ఆవుల దగ్గరికి వెళ్లి ఆలస్యంగా వచ్చాడు, ఆ ఆలస్యాన్ని టోర్కిల్ పట్టుకున్నాడు, మునిగేవాడు పట్టుకున్నట్టు. "నేను కట్టలేదు" అని ఎబ్బె ఒక్కసారే అన్నాడు. తర్వాత ఇద్దరూ రెండు రోజులు పారలతో చేపలెత్తి బండ్లలో పోశారు, పక్కపక్కనే, మాట లేకుండా. మొదట అబద్ధం అని తెలుసు. రెండో ఏడు వచ్చేసరికి సగం నిజం. కాగితం మీద రాసేనాటికి ఎబ్బె చెయ్యి స్విచ్ మీద ఉండటం టోర్కిల్ కళ్లకి కనిపించేది, వాడి గళ్ల చొక్కా చేతితో సహా. మెట్ల మీద కూర్చున్న పిల్లని మాత్రం ఆ బొమ్మలోంచి తుడిచేశాడు. అది చూసింది. ఏడేళ్లు నోరు మెదపకుండా ఆ ఇంట్లో తనకి అన్నం వండి పెట్టింది. ఎప్పుడైనా చెబుతాడని చూసిందేమో. చెప్పకపోగా, సంతకం పెట్టమన్నాడు.

గోడకి తగిలించిన కోటులో ఫోన్ కొట్టుకుంది. ఆగి మళ్లీ కొట్టుకుంది. మూడోసారి సోల్వై తీసి చూసింది. "ఎబ్బె అని ఉంది. చెవి దగ్గర పట్టుకోనా?" రెండుంబావు. ఇప్పుడు లేస్తే, దారిలో ట్రాక్టర్లు అడ్డం రాకపోతే, మూడింటికి సత్రం. తల ఊపాడు. ఫోన్ అతని చెవికి ఆనింది.

"అన్నయ్యా, ఎక్కడ చచ్చావ్? అందరూ వచ్చారు. నువ్వు లేకపోతే పోట్లాడేవాడు లేక జనానికి తోచడం లేదు, రొట్టెలు తినేస్తున్నారు."

"ఆసుపత్రిలో."

"ఏమైంది? మైకెన్‌కా?"

"దానికి జ్వరం. పాప నా మీద ఉంది. ఒక ఛాతీ కావాలంటే వచ్చా."

అటు కుర్చీ జరిగిన చప్పుడు. కబుర్లు దూరమయ్యాయి, వాడు బయటికి వచ్చినట్టున్నాడు. "మూడింటి దాకా నేను ఆపిస్తా. అధికారికి ఇంకో కాఫీ పోయిస్తా. ఇప్పుడు బయల్దేరు. తర్వాత జీవితాంతం నా ప్రాణం తీస్తావు, అన్న లేనప్పుడు లాగేసుకున్నాడని."

కావలసిన మాటలు అవే. జేబులో కాగితం ఉంది. వేలు గడ్డం కింద ఉంది. పాప కడుపు అతని రొమ్ము మీద ఆకులా లేస్తోంది, పడుతోంది.

"ఎబ్బె. ఆ రోజు ఏరేటర్ కట్టేసింది నేను."

సోల్వై కిటికీవైపు చూస్తూ ఫోన్ కదలకుండా పట్టుకుంది.

"తొమ్మిదేళ్లు పట్టిందా దీనికి?" అన్నాడు ఎబ్బె. "గాడిదా. రెండు రోజులు నా పక్కన నిలబడి ఎత్తావు కదరా." అన్నని రా అనడం చిన్నప్పుడే మానేశాడు వాడు. "అక్కడ ఆ బుడబుడ చప్పుడేంటి?"

"పాప ఊపిరి."

"అయితే కదలకు," అని పెట్టేశాడు. వస్తానని కానీ, పొలం సంగతి కానీ అనలేదు. క్షమించానని ఎందుకంటాడు, వాడూ ఆ తల్లి కడుపున పుట్టినవాడే. సోల్వై ఫోన్ కోటులో పెడుతూ, "మీకు పనుందని చెప్పలేదే," అంది. "మీరు మళ్లీ అడగలేదుగా," అన్నాడు.

నలభై ఏడు. నలభై నాలుగు. ఇంకేం చూడకుండా గాలిలో కలిపే ఆక్సిజన్ అంకె ఒక్కటే చూశాడు. మెడ నొప్పి, నడుము నొప్పి, ముక్కు దురద, ఏదీ ముట్టుకోలేదు. కిటికీ బయట వెలుతురు పల్చబడుతోంది, ఆసుపత్రి వెనక ఎవరో ఆకులు ఊడుస్తున్నారు. ఇంగెలిసె ఆ రోజు ఏమన్నదో ఇంక ఎప్పటికీ తెలియదు. మంచిమాట అనుకుని కొన్నాళ్లు, చెడ్డమాట అనుకుని కొన్నాళ్లు బతికాడు, ఏదైనా ఒక్కటే అయింది. కింది అంతస్తులో మైకెన్ నిద్రపోతోందో, పైకప్పు చూస్తోందో. దానికి నేరుగా చెప్పాలి. అది అడగదు, మూడుసార్లు కాదు, ఒక్కసారి కూడా అడగదు. నలభై. ముప్పై ఎనిమిది. పాప చెయ్యి, అగ్గిపుల్లంత వేళ్లు, అతని రొమ్ము మీది నెరిసిన వెంట్రుకలు పట్టుకుని లాగింది. నొప్పి పుట్టింది. భలే పట్టు. ముప్పై ఆరు.

మూడింటికి డాక్టరమ్మే వచ్చింది. మడమ మీద చిన్న పోటు, పాప ముఖం ముడుచుకుంది, ఏడ్వడానికి నోరు తెరవబోయింది, వేలు తెరవనివ్వలేదు. చిన్న గాజు గొట్టంలోకి ఎర్రగా ఒక చుక్క ఎక్కింది. ఆమె దాన్ని తీసుకుని గది దాటింది. అయిదు నిమిషాలు, ఆరు, ఎనిమిది. అక్కడ సత్రంలో అధికారి గొంతు సవరించుకుని చదువుతూ ఉంటాడు, పేరు తర్వాత పేరు, నోర్‌హోమ్ టోర్కిల్ అని పిలిచి, తల ఎత్తి, ఖాళీ కుర్చీ చూసి, గీత గీసి. అభ్యంతరం లేదు. డాక్టరమ్మ తిరిగి వచ్చేటప్పుడు నడకని బట్టి తెలుసుకోవాలని చూశాడు, తెలియలేదు, వాళ్లు అందరూ ఒకేలా నడుస్తారు.

"పొద్దుటికన్నా బాగుంది," అంది. "ఇవాళ్టికి గొట్టం వద్దు. ముక్కులోవే ఉంచుదాం. రేపు మళ్లీ చూద్దాం."

"మీరు ఇంకొంచెంసేపు కూర్చోగలరా?" అంది సోల్వై. ఈసారి ఆగి, అతని ముఖం చూసి, మళ్లీ అడిగింది. "నిజంగా కూర్చోగలరా?"

"ఒక నీళ్ల గ్లాసు కావాలి," అన్నాడు టోర్కిల్. మూడుసార్లు అడిగించుకోలేదు.

గ్లాసు ఆమే నోటికి అందించింది. సగం మెడ మీద ఒలికింది, చల్లగా పాప టోపీ దాకా పాకబోతే ఆమె తుడిచేసింది. ఎబ్బె ఆ మెట్ట పొలంలో క్రిస్మస్ చెట్లు నాటుతాడు, వెధవ, వరసలు తిన్నగా కూడా పెట్టడు. నాన్న దాన్ని ఎనిమిది పీపాల విత్తనాలు పట్టే నేల అనేవాడు, ఊళ్లో రాయి తగలని నేల అదొక్కటే, ఏప్రిల్‌లో ముందుగా వెచ్చబడేది అదే. పటంలో వాగుకి తూర్పున, రోడ్డుకి పైన, పచ్చ రంగు వేసిన ముక్క. నాలుగు హెక్టార్ల నాలుగు వేల నూట ఇరవై ఎనిమిది చదరపు మీటర్లు.